ఒకే క్యాన్ పెట్రోల్, మూడు ఇంజిన్లు: ఇథనాల్ మిశ్రమ ఇంధనంపై ఒక కేస్ స్టడీ

కేసులో ఉన్న యంత్రాలు మూడు: 196 సీసీ ఫోర్-స్ట్రోక్ నీళ్ల పంపు ఇంజిన్, 42 సీసీ టూ-స్ట్రోక్ బ్రష్ కట్టర్, ఫ్యూయెల్ ఇంజెక్షన్ కారు. మూడింటి యజమానీ ఒకరే. మూడింటిలోనూ ఒకే ప్లాస్టిక్ క్యాన్‌లోని ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పోశారు. వానలు మొదలయ్యాక మూడూ కదలకుండా పడి ఉన్నాయి. వానలు వెలిశాక తీస్తే మూడూ మొరాయించాయి. యజమాని చెప్పిన కారణం ఒక్కటే: ఇథనాల్ పాడుచేసింది.

ఆ మాటలో నిజం ఉంది. కానీ రిపేరుకు అది చాలదు. ఇథనాల్ పేరు మీద వచ్చే లోపాలు కనీసం మూడు రకాలు. నీరు చేరి ఇంధనం రెండు పొరలుగా విడిపోవడం ఒకటి. రబ్బరు, ప్లాస్టిక్, లోహం ఇథనాల్‌ను తట్టుకోలేకపోవడం మరొకటి. గాలి ఎక్కువై పెట్రోల్ చాలక ఇంజిన్ లీన్‌గా నడవడం ఇంకొకటి. ఒకదానికి పనిచేసే మందు మరోదానికి పనికిరాదు. నీరు చేరిన ట్యాంకులో స్టెబిలైజర్ (నిల్వ పెట్రోల్ త్వరగా చెడకుండా కలిపే మందు) ఎంత పోసినా ఫలితం ఉండదు. లీన్ సమస్యకు ఓ-రింగులు (కారకుండా ఆపే రబ్బరు చుట్లు) మార్చినా అంతే. వీటికి తోడు నాలుగోది ఒకటుంది, దాని నింద కూడా ఇథనాల్ మీదే పడుతుంది. నిల్వ పెట్రోల్ ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారడం అది. ఇథనాల్ చుక్క కూడా లేని పెట్రోల్‌లోనూ జిగురు కడుతుంది.

ముందు శాంపిల్, తర్వాతే స్పానర్

ఇలాంటి కేసులో మొదట చేసే తప్పు ట్యాంకు, బౌల్ (కార్బ్యురేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) ఖాళీ చేసి ఆ పెట్రోల్ పారబోయడం. సాక్ష్యమంతా అందులోనే ఉంటుంది. ఇక్కడ క్యాన్ అడుగు నుంచి, పంపు ట్యాంకు అడుగు నుంచి, పంపు కార్బ్యురేటర్ బౌల్ నుంచి, బ్రష్ కట్టర్ ట్యాంకు నుంచి విడివిడిగా శుభ్రమైన గాజు సీసాల్లోకి శాంపిళ్లు తీసి, కదపకుండా అరగంట ఉంచాం. క్యాన్ అడుగు శాంపిల్‌లో వేలెడు మందాన కింది పొర తేలింది. పైన పసుపు రంగు పెట్రోల్, కింద కాస్త మసకబారిన ద్రవం, మధ్యలో స్పష్టమైన గీత. నీటిలో కరిగే ఫుడ్ కలర్ ఒక చుక్క వేస్తే పై పొరను దాటి కిందికి దిగి, కింది పొరంతా రంగు పరుచుకుంది. ఈ పరీక్ష చవక, నమ్మదగినది. ట్యాంకుల్లో నీటిని పట్టడానికి వాడే మామూలు పేస్టు ఇలాంటి చోట మోసం చేయవచ్చు. విడిపోయిన పొరలో ఉండేది ఉత్త నీరు కాదు, నీరు కలిసిన ఇథనాల్. దాన్ని గుర్తించడానికి ప్రత్యేకంగా తయారుచేసిన పేస్టు కావాలి.

తర్వాత ఇథనాల్ ఎంతుందో కొలిచాం. 100 మి.లీ. కొలపాత్రలో 50 మి.లీ. నీరు, 50 మి.లీ. పెట్రోల్ పోసి, మూత బిగించి, బాగా కుదిపి, మధ్యలో ఒకటి రెండుసార్లు మూత తీసి ఒత్తిడి వదిలి, పావుగంట నిలబెట్టాలి. ఇథనాల్ పెట్రోల్‌ను వదిలి నీటిలోకి దిగుతుంది. కింది మట్టం 50 నుంచి ఎన్ని మి.లీ. పెరిగిందో దానికి రెట్టింపు, ఇథనాల్ శాతం. నీరు, ఇథనాల్ కలిసినప్పుడు మొత్తం పరిమాణం కొద్దిగా కుంచించుకుపోతుంది కాబట్టి ఇ20కి మట్టం 60 దాకా రాకుండా 59 దగ్గర ఆగడం మామూలే. బంకు నుంచి కొత్తగా తెచ్చిన పెట్రోల్ 59 చూపింది. క్యాన్‌లోని పై పొర 53 దగ్గరే ఆగింది. అంటే పైన శుభ్రంగా కనిపించిన పెట్రోల్ కూడా ఇథనాల్‌లో చాలా భాగం కోల్పోయింది, దాంతోపాటే ఆక్టేన్ (వేళ తప్పి పేలకుండా, అంటే నాక్ కాకుండా, తట్టుకునే గుణం) కూడా. ఇథనాల్ కలపబోయే పెట్రోల్‌ను రిఫైనరీలో తక్కువ ఆక్టేన్‌తోనే తయారుచేస్తారు, మిగతాది ఇథనాల్ పూరిస్తుందన్న లెక్కతో. ఇథనాల్ దిగిపోయాక మిగిలే పెట్రోల్ ఇంజిన్‌లో నాక్ అయ్యే అవకాశం అందుకే ఎక్కువ. నీళ్లతో కడిగి ఇథనాల్ తీసేసి వాడుకుందామనే ఉపాయం కూడా ఇందుకే వద్దు.

నీరు ఎక్కడిది? ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుందని అందరూ అంటారు. అది నిజమే. కానీ మూత సరిగ్గా కూర్చున్న క్యాన్‌లో గాలి తేమ ఒక్కటే పొర విడిపోయేంత నీటిని చేర్చాలంటే చాలా కాలం పడుతుంది. ఈ క్యాన్ మూత వాషర్ చీలిపోయి ఉంది. క్యాన్ షెడ్డు అంచున చూరు కింద ఉంది. మూత చుట్టూ ఉన్న గాడిలో వాన నీరు నిలుస్తుంది. పగటి ఎండకు క్యాన్ ఉబ్బి, రాత్రి చల్లబడగానే గాలిని లోపలికి లాగుతుంది. గాడిలోని నీరు ఆ గాలితోపాటే లోపలికి పోతుంది. పెద్ద మోతాదు కూడా అక్కర్లేదు. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇ10 పెట్రోల్ తనలో ఇముడ్చుకోగల నీరు దాదాపు 0.5 శాతం, అంటే 10 లీటర్లకు 50 మి.లీ. ఇ20 అంతకంటే ఎక్కువ మోస్తుంది కానీ, చల్లబడేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. పగలు తేటగా ఉన్న క్యాన్ రాత్రి విడిపోవడం ఇలాగే. ఒకసారి విడిపోయాక కుదిపితే కాసేపు కలిసినట్టు కనిపిస్తుంది, మళ్లీ విడిపోతుంది. ఏ డబ్బా మందూ దాన్ని తిరిగి పెట్రోల్‌గా మార్చలేదు.

పంపు ఇంజిన్

లక్షణాలు: ఫుల్ చోక్‌లో (గాలి దారి మూసి) స్టార్ట్ అవుతుంది. సగం చోక్‌లో వేగం పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. చోక్ పూర్తిగా తెరిస్తే ఆగిపోతుంది. స్పార్క్ ప్లగ్ అప్పటికే మార్చారు, మార్పు లేదు.

చోక్ వేస్తేనే నడుస్తోందంటే పెట్రోల్ చాలడం లేదని అర్థం. ఎందుకు చాలడం లేదన్నది బౌల్ చెప్పింది. బౌల్ కింది డ్రెయిన్ బోల్టు విప్పితే మసక ద్రవం, దానిలో తెల్లటి పొలుసులు వచ్చాయి. నీళ్ల పొర బౌల్ అడుగునే చేరుతుంది, మెయిన్ జెట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్న రంధ్రపు భాగం) నోరు ఉండేదీ అక్కడే. అందుకే నీరు కొంచెమే ఉన్నా ఇంజిన్ ముందుగా తాగేది దాన్నే.

బౌల్ విప్పాక మూడు రకాల మరకలు కనిపించాయి. వీటిని వేరుచేసి చదవడం అవసరం. బౌల్ గోడల మీద తెల్లటి పొడి అంటే బాడీ మిశ్రమ లోహం, అల్యూమినియం, జింకు, నీటి పొరకు తగిలి తినబడుతోందని. ఇత్తడి జెట్ మీద పచ్చటి చిలుము రాగి తినబడుతున్న గుర్తు. ఎమల్షన్ ట్యూబు మీద తేనె రంగు వార్నిష్ పాత పెట్రోల్ జిగురు, దానికి ఇథనాల్‌ను తప్పుపట్టనక్కర్లేదు. మొదటి రెండూ నీరు వచ్చిందని చెబుతాయి, మూడోది కాలం గడిచిందని చెబుతుంది. ఇక్కడ మూడూ ఉన్నాయి.

ఇంజిన్ ఊగడానికి కారణం మాత్రం పైలట్ జెట్ (థ్రాటిల్ దాదాపు మూసి ఉన్నప్పుడు పెట్రోల్ ఇచ్చే జెట్). దాని రంధ్రం 0.4 మి.మీ. లోపు. లోపల చుట్టూ 0.03 మి.మీ. పొర పేరుకున్నా 0.4 రంధ్రం 0.34 అవుతుంది, దారి వైశాల్యం 28 శాతం పడిపోతుంది. వెలుతురుకు పెట్టి చూస్తే రంధ్రం తెరిచే ఉన్నట్టు కనిపిస్తుంది, శుభ్రంగా ఉందని మెకానిక్ తిరిగి బిగించేస్తాడు. లోడు లేనప్పుడు గవర్నర్ (ఇంజిన్ వేగాన్ని నిలకడగా ఉంచే భాగం) థ్రాటిల్‌ను దాదాపు మూస్తుంది. అప్పుడు ఇంజిన్‌కు పెట్రోల్ అందేది ఎక్కువగా పైలట్ దారిలోనే. అది చాలక వేగం పడిపోతుంది, గవర్నర్ థ్రాటిల్ తెరుస్తుంది, మెయిన్ జెట్ అందుకుంటుంది, వేగం పెరుగుతుంది, గవర్నర్ మళ్లీ మూస్తుంది. ఈ ఊగుడు చూసి గవర్నర్ స్ప్రింగు జోలికి వెళ్లకూడదు.

చేసిన పని వరుసగా ఇది. ఎయిర్ స్క్రూ ఉంటే విప్పేముందు పూర్తిగా లోపలికి ఎన్ని చుట్లు తిరిగిందో రాసిపెట్టుకోవాలి. ఫ్లోట్, నీడిల్, మెయిన్ జెట్, ఎమల్షన్ ట్యూబు, పైలట్ జెట్, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు అన్నీ తీశాకే బాడీని అల్ట్రాసోనిక్ బాత్‌లో వేయాలి. కార్బ్యురేటర్‌కు తగిన ద్రావణం, 50–60 డిగ్రీలు, 10 నుంచి 15 నిమిషాలు. గాఢమైన క్షార ద్రావణంలో ఎక్కువసేపు ఉంచితే అల్యూమినియం నల్లబడి తినబడుతుంది. తర్వాత ప్రతి దారిలో కార్బ్ క్లీనర్ కొట్టి, అది అవతలి రంధ్రం నుంచి ధారగా వస్తోందో లేదో కళ్లతో చూసి, గాలి పట్టాలి. జెట్‌లో స్టీలు తీగ పెట్టకూడదు. గుండ్రటి రంధ్రం ఒకసారి గీసుకుపోతే కొత్త జెట్ తప్ప దారి లేదు. నైలాన్ పోగు గానీ, విద్యుత్ వైరులోని ఒక్క రాగి పోగు గానీ చాలు.

బౌల్ ఓ-రింగు తీయగానే పొడవు పెరిగింది, తిరిగి గాడిలో కూర్చోలేదు. నైట్రైల్ రబ్బరు ఇథనాల్ మిశ్రమంలో ఉబ్బి, ఆరితే ముడుచుకుంటుంది. ఆరాక తిరిగి బిగించడం కొందరి అలవాటు. ఉబ్బి ముడుచుకున్న రబ్బరు పట్టు కోల్పోతుంది, కొన్నాళ్లకే కారుతుంది. ఫ్లోరోకార్బన్ రబ్బరుతో చేసిన కొత్త ఓ-రింగు వేశాం. ట్యాంకు నుంచి కార్బ్యురేటర్‌కు వెళ్లే గొట్టం మార్చేటప్పుడు దాని మీది ముద్ర చూసుకోవాలి. ఇంధన గొట్టాలకు వర్తించే ఎస్ఏఈ జె30 ప్రమాణంలో ఆర్9 అని ఉన్నది ఇథనాల్‌ను తట్టుకునే లోపలి పొరతో వస్తుంది. ఏ ముద్రా లేని నల్ల గొట్టం లోపల పొరలుగా ఊడి, ఆ తునకలు నీడిల్ వాల్వ్ కింద ఇరుక్కుని బౌల్ పొంగిపోతుంది.

స్టీలు ట్యాంకు అడుగున తుప్పు పట్టింది. కుళాయి, జల్లెడ తీసి, లీటరు వేడి నీటికి 50 గ్రాముల సిట్రిక్ యాసిడ్ చొప్పున నింపి రాత్రంతా ఉంచాం. మర్నాడు బేకింగ్ సోడా నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, వెంటనే వేడి గాలితో ఆరబెట్టి, కొద్దిగా నూనె కలిపిన పెట్రోల్‌తో లోపలంతా తడిపాం. ఆరబెట్టడం ఆలస్యమైతే శుభ్రపడిన ఇనుము గంటలోపే మళ్లీ ఎర్రబడుతుంది.

ఇంతా అయ్యాక కొత్త ఇ20 పోసి నడిపితే ఊగుడు పోయింది. కానీ పూర్తి లోడులో ఇంజిన్ కాస్త బరువుగా ఉంది. ఇక్కడే నీరు, చిలుము వెనక దాక్కున్న అసలు సమస్య బయటపడింది. ఈ ఇంజిన్ మాన్యువల్‌లో అనుమతి ఇ10 వరకే. స్వచ్ఛమైన పెట్రోల్ పూర్తిగా కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 చాలు, ఇ20కి దాదాపు 13.5. అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలన్నమాట. కారులో ఆక్సిజన్ సెన్సర్ ఆ తేడాను పూరిస్తుంది. జెట్‌కు సెన్సర్ లేదు, రంధ్రం ఎంతుంటే అంతే.

లీన్ అవునో కాదో ప్లగ్ రంగును బట్టి తేల్చకూడదు. ఇథనాల్ మిశ్రమంలో ప్లగ్ పింగాణీ మామూలుగానే తెల్లగా ఉంటుంది. చోక్ పరీక్ష ఇంకా గట్టిది. పూర్తి లోడులో, ఇంజిన్ వేడెక్కాక, చోక్‌ను కొద్దికొద్దిగా మూయాలి. వేగం పెరిగితే లీన్. వెంటనే పడిపోతే జెట్ సరిపోయింది, లేదా ఇప్పటికే రిచ్ (గాలికి మించి పెట్రోల్). ఇక్కడ వేగం స్పష్టంగా పెరిగింది.

జెట్ లెక్క సులువు. సున్నా ఇథనాల్ నుంచి ఇ20కి మారితే పరిమాణంలో దాదాపు 7 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. రంధ్రం వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి వ్యాసం 3.5 శాతం పెరిగితే చాలు. 0.70 మి.మీ. జెట్ స్థానంలో 0.725 వేస్తే 7.3 శాతం వస్తుంది. ఒక్క మెట్టు, అంతకంటే వద్దు. ఉద్గార నిబంధనల కింద సీలు వేసిన కార్బ్యురేటర్ల జోలికి వెళ్లకూడదు, వాటికి తయారీదారు అనుమతించిన ఇంధనమే దారి. ఈ పంపుకు వేరే జెట్లు తయారీదారే ఇస్తున్నాడు కాబట్టి 0.725 వేశాం. చోక్ పరీక్ష మళ్లీ చేస్తే వేగం పెరగలేదు. గాలితో చల్లబడే ఇంజిన్‌ను లీన్‌గానే వదిలేస్తే హెడ్ వేడెక్కుతుంది, ముందు దెబ్బతినేది ఎగ్జాస్ట్ వాల్వ్.

బ్రష్ కట్టర్

ఇది మూడింటిలో ప్రమాదకరమైనది. ఐడిల్‌లో వదిలేసినా బ్లేడు తిరుగుతోందని ఫిర్యాదు. లీన్ అయిన ఇంజిన్ ఐడిల్ వేగం పెరిగి, సెంట్రిఫ్యుగల్ క్లచ్ (వేగం పెరిగితే తనంతట తానే పట్టి బ్లేడును తిప్పేది) పట్టే వేగాన్ని దాటుతుంది. అమెరికాలో జాతీయ ప్రయోగశాలలు 2008లో ఇథనాల్ శాతం పెంచి చేతి యంత్రాలను పరీక్షించినప్పుడు సరిగ్గా ఇదే కనబడింది: కొన్ని ట్రిమ్మర్లలో ఎవరూ ఆక్సిలరేటర్ నొక్కకుండానే క్లచ్ పట్టేసింది. ఆ దేశపు పర్యావరణ సంస్థ 2010, 2011ల్లో ఇ15ని 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకు అనుమతించినప్పుడు చిన్న ఇంజిన్లు, మోటార్ సైకిళ్లు, పడవలను ఆ అనుమతి నుంచి తప్పించింది.

రెండో ప్రమాదం నూనెది. 50:1 నిష్పత్తిలో లీటరుకు 20 మి.లీ. చొప్పున కలిపిన టూ-స్ట్రోక్ నూనె, ఇంధనం విడిపోయినప్పుడు పై పొరలోనే ఉండిపోతుంది. ఇంధనం పీల్చే ఫిల్టర్ ట్యాంకు అడుగున పడి ఉంటుంది. అంటే ఇంజిన్‌కు అందేది నూనె లేని పొర. ట్యాంకు శాంపిల్‌లో పొర కనిపించగానే కార్బ్యురేటర్ కంటే ముందు సైలెన్సర్ విప్పి, ఎగ్జాస్ట్ పోర్టులోంచి పిస్టన్ చూశాం. ఎగ్జాస్ట్ వైపు సన్నని నిలువు గీతలు ఉన్నాయి. రింగు స్వేచ్ఛగా కదులుతోంది. కంప్రెషన్ 8 బార్ దగ్గర ఉంది. గీతలు గోటికి తగలడం లేదు కాబట్టి పిస్టన్ ఉంచేశాం. గోటికి తగిలి ఉంటే, లేదా సిలిండర్ గోడ మీద అల్యూమినియం అంటుకుని ఉంటే, సిలిండర్ విప్పకుండా స్టార్ట్ చేయడం తప్పు.

డయాఫ్రమ్ కార్బ్యురేటర్‌లో బౌల్ ఉండదు, సన్నని పొర కదలికే ఇంధనాన్ని కొలుస్తుంది. ఆ పొర బిరుసెక్కి, కదిపితే కాగితంలా చప్పుడు చేస్తోంది. ప్రైమర్ బల్బు చీలింది. ట్యాంకులోకి వెళ్లే గొట్టం గ్రొమెట్ (రంధ్రం అంచున ఉండే రబ్బరు చుట్టు) దగ్గర మెత్తబడి, పట్టు తప్పి గాలి లాగుతోంది. ఈ మూడింటినీ వేరువేరుగా కొనే బదులు డయాఫ్రమ్ కిట్, బల్బు, గొట్టం, గ్రొమెట్, ఫిల్టర్ ఒకేసారి మార్చడం మేలు. ఒకటి పోయిందంటే మిగతావీ అదే దారిలో ఉన్నట్టే. బిగించేముందు ఇన్‌లెట్ నీడిల్‌ను గాలి పంపుతో 0.5 బార్ దగ్గర పరీక్షించాలి, ఒత్తిడి మీటరు ముల్లు పడిపోకూడదు. మీటరింగ్ లివర్ ఎత్తును ఆ కార్బ్యురేటర్ గేజితోనే సరిచేయాలి, కంటి అంచనాతో కాదు.

ట్యూనింగ్‌లో వరుస తప్పకూడదు. ఐడిల్ ఎక్కువగా ఉంది కదా అని ముందే ఐడిల్ స్క్రూ వెనక్కి తిప్పితే లీన్ అలాగే ఉండిపోతుంది, బయటికి మాత్రం సర్దుకున్నట్టు కనిపిస్తుంది. ముందు ఎల్ స్క్రూతో (తక్కువ వేగంలో ఇంధనాన్ని సర్దేది) వేగం అత్యధికంగా ఉండే చోటు పట్టి, అక్కడి నుంచి కొద్దిగా రిచ్ వైపు తిప్పాలి. హెచ్ స్క్రూను (ఎక్కువ వేగానికి సర్దేది) పూర్తి వేగంలో, లోడు లేకుండా, ఇంజిన్ శబ్దం కాస్త తడబడేంత రిచ్‌గా ఉంచాలి. కోతలో అది శుభ్రపడాలి. చివర్లో ఐడిల్ స్క్రూ. టాకోమీటర్‌తో 2,800 ఆర్‌పీఎం దగ్గర నిలిపాం. బ్లేడు నిశ్చలంగా ఉంది.

కారు

కారులో దొరికింది తక్కువ, కానీ చదవడం తెలియాలి. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయెల్ ట్రిమ్ (కారు కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) మూడు చోట్ల చూశాం: ఐడిల్‌లో, 2,500 ఆర్‌పీఎంలో, ఎత్తు ఎక్కేటప్పుడు. మూడు చోట్లా ఒకేలా ప్లస్ 6 నుంచి 8 ఉంటే అది ఇథనాల్ లెక్క, రిపేరు అక్కర్లేదు. ఐడిల్‌లోనే ఎక్కువై వేగంలో తగ్గితే ఎక్కడో గాలి లీక్. లోడు పెరిగేకొద్దీ ట్రిమ్ పెరిగితే పంపు గానీ ఫిల్టర్ గానీ. ఇక్కడ ఐడిల్‌లో ప్లస్ 7, ఎత్తులో ప్లస్ 18. లోడులో రెయిల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు అందే పెట్రోల్ ఒత్తిడి) ఉండాల్సిన 3.5 బార్ నుంచి 2.6కి పడిపోతోంది. ఫిల్టర్ కోసి చూస్తే గోధుమ రంగు మడ్డి. ఇథనాల్ మంచి ద్రావకం. ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన వార్నిష్‌ను ఊడదీసి ఫిల్టర్‌కు చేర్చింది. పాత కారు ఎక్కువ ఇథనాల్ ఇంధనానికి మారాక మొదటి కొన్ని ట్యాంకుల తర్వాత ఫిల్టర్ మార్చడం ఇందుకే. మార్చగానే ఎత్తులో కూడా ట్రిమ్ 8కి దిగింది. ఇక మైలేజీ విషయం: ఇథనాల్‌లో లీటరుకు శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ, కాబట్టి ఇ20తో 6–7 శాతం తగ్గుదల సహజం. దానికోసం ఇంజెక్టర్లు శుభ్రం చేయించనక్కర్లేదు.

నిల్వ

యంత్రాలు అప్పగించేటప్పుడు ఇచ్చిన సూచనలు ఇవి. నెలకు మించి వాడని చిన్న ఇంజిన్‌లో ఇథనాల్ పెట్రోల్ ఉంచవద్దు. పంపుకు ట్యాంకు ఖాళీ చేసి, ఆగేదాకా నడిపి, ఆ తర్వాత బౌల్ డ్రెయిన్ కూడా విప్పాలి. ఇంజిన్ ఆగినంత మాత్రాన బౌల్ ఖాళీ కాదు, జెట్ మట్టం కింద ఒక చెంచాడు మిగులుతుంది, చిలుము మొదలయ్యేది ఆ చెంచాడులోనే. బ్రష్ కట్టర్‌కు ట్యాంకు ఖాళీ చేసి, ప్రైమర్ నొక్కి, మళ్లీ ఆగేదాకా నడపాలి. ఇథనాల్ లేని ఆల్కైలేట్ పెట్రోల్ దొరికితే దానితో ఆఖరిసారి నడిపి పెట్టడం డయాఫ్రమ్‌కు ఇంకా మంచిది, పొర ఎండి బిరుసెక్కదు. కారుకు దీనికి విరుద్ధమైన పద్ధతి: ఖాళీగా కాదు, నిండుగా ఉంచాలి, గాలి చోటు తగ్గుతుంది. స్టెబిలైజర్ కొత్త పెట్రోల్‌లో, కొన్న రోజే కలపాలి. అది జిగురును ఆలస్యం చేస్తుంది, నీటిని తీసేయదు.

క్యాన్‌లో విడిపోయిన ఇంధనం రెండు పొరలూ మండేవే. కింది పొర నీళ్లలా కనిపిస్తుందని కాలువలో పోయకూడదు, ప్రమాదకర వ్యర్థాల సేకరణకే ఇవ్వాలి. క్యాన్‌కు కొత్త వాషర్ వేసి, కొన్న తేదీ రాసి, లోపలికి చేర్చాం. పంపు బౌల్ అడుగున సన్నటి గుంటలు మిగిలాయి. ఓ-రింగు కూర్చునే అంచు దాకా అవి రాలేదు కాబట్టి బౌల్ మార్చలేదు. వచ్చే సర్వీసులో ఆ అంచును భూతద్దంతో చూసి, గుంట అక్కడికి చేరి ఉంటే బౌల్ మార్చాలని జాబ్ కార్డులో రాశాం.